కవాటమూ కాలమూ: అల్ జజరీ గడియారం నుంచి మోటారు ఇంజను వరకు

మన సభలలోను, పత్రికలలోను ఒక మాట తరచుగా వినవస్తూ ఉంటుంది. మోటారు కారు ఇంజనుకు ప్రాణమైన కవాటాలను, వాటిని నడిపే క్యాంషాఫ్టును ఎనిమిది వందల ఏండ్ల క్రితమే ముస్లిం యంత్రశాస్త్రజ్ఞులు కనిపెట్టారనీ, యూరపు వారు వాటిని తీసుకొని తమవిగా చెప్పుకున్నారనీ ఆ మాట సారాంశం. వినడానికి ఇంపుగా ఉంటుంది కనుక ఎవరూ దానిని పరీక్షించరు. అయితే అల్ జజరీ వంటి మహనీయుని పేరు చెప్పేటప్పుడు పరీక్షించకుండా చెప్పడం ఆయనకే అపచారం. ఎందుకంటే ఆయన తన పూర్వుల మాటను కూడా కొలిచి చూడకుండా అంగీకరించిన వారు కారు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

ఈ వ్యాసంలో నేను ఎన్నుకొన్న విషయం ఇంజనులోని ఒక చిన్న భాగం. నేటి కార్లలో కవాటాలు తెరుచుకొనే వేళను ఇంజను వేగాన్ని బట్టి మార్చే ఏర్పాటు ఒకటి ఉంది. కొన్ని కార్ల వెనుక వి.వి.టి. అనే మూడక్షరాలు అతికించి ఉండడం పాఠకులు చూసే ఉంటారు. అది ఆ ఏర్పాటుకు గుర్తు. దాని అవసరం ఎందుకు కలిగిందో తెలిస్తే గాని, మన పూర్వులు చేసిన దానికీ దీనికీ ఉన్న సంబంధం ఎంతటిదో తేలదు.

ఇంజను సిలిండరులో పిస్టను నాలుగు అడుగులు వేస్తుంది. క్రిందికి దిగుతూ గాలిని, ఇంధనాన్ని పీల్చుకొంటుంది. పైకి వస్తూ దానిని నొక్కుతుంది. అది మండి పిస్టనును క్రిందికి నెడుతుంది. మళ్ళీ పైకి వస్తూ పొగను బయటకు పంపుతుంది. లోనికి గాలిని రానిచ్చే ప్రవేశ కవాటం మొదటి అడుగులోను, పొగను వదిలే నిర్గమ కవాటం నాలుగవ అడుగులోను తెరుచుకోవాలి. వీటిని తెరిచేది క్యాంషాఫ్టు. అది ఒక ఇరుసు. దాని మీద కోడిగ్రుడ్డు ఆకారంలో ఉబ్బెత్తులు ఉంటాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే అది ఒక చుట్టు తిరుగుతుంది. ఉబ్బెత్తు వచ్చినప్పుడు కవాటం తెరుచుకొంటుంది, అది దాటిపోగానే స్ప్రింగు బలంతో మూసుకొంటుంది.

ఇంతవరకు తేలికే. చిక్కు ఎక్కడంటే, గాలికి కూడా బరువు ఉంది. నిమిషానికి 750 చుట్లు తిరుగుతూ ఇంజను నింపాదిగా ఉన్నప్పుడు పిస్టను ఒక అడుగు వేయడానికి సెకనులో ఇరవై అయిదవ వంతు పడుతుంది. అదే 6000 చుట్లకు పోతే సెకనులో రెండు వందలవ వంతు మాత్రమే. ఆ క్షణంలో గొట్టంలో పరుగెత్తి వస్తున్న గాలి, పిస్టను అడుగుకు చేరి తిరిగి పైకి బయలుదేరినా ఆ ఊపులో ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది. కాబట్టి వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ప్రవేశ కవాటాన్ని ఆలస్యంగా మూయడం లాభం. నెమ్మదిగా నడిచేటప్పుడు గాలికి ఆ ఊపు ఉండదు. అప్పుడు ఆలస్యం చేస్తే లోనికి వచ్చిన గాలినే పిస్టను బయటకు నెట్టివేస్తుంది. అలాగే నాలుగవ అడుగు ముగిసే చోట రెండు కవాటాలూ కొద్దిసేపు కలిసి తెరిచి ఉంటాయి. వేగంలో అది మేలు చేస్తుంది. నెమ్మదిలో పొగ వెనక్కు తన్ని ఇంజను వణుకుతుంది. అంటే ఒక వేగానికి సరిపోయిన వేళ ఇంకొక వేగానికి సరిపోదు. ఇనుముతో పోతపోసిన ఉబ్బెత్తుకు మాత్రం ఒకే వేళ తెలుసు.

ఇక చరిత్రలోకి వద్దాం. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో మూసా ఇబ్న్ షాకిర్ కుమారులు ముగ్గురు ఉండేవారు. ముహమ్మద్, అహ్మద్, హసన్ అని వారి పేర్లు. లోకం వారిని బనూ మూసా అని పిలిచింది. ఖలీఫా మామూన్ ఆదరణలో పెరిగి, బైతుల్ హిక్మాతో సంబంధం ఉన్న పండితులుగా పేరొందారు. వారు సుమారు 850లో రచించిన ‘కితాబుల్ హియల్’లో వంద వరకు యంత్రాల వర్ణన ఉంది. చాలా భాగం వినోద పాత్రలు. ఒక కూజాలో నీళ్ళు పోస్తే పడతాయి, ఆపి మళ్ళీ పోస్తే పడవు, ఇటువంటివి. వీటిని చూసి ఇవి ఆటబొమ్మలే కదా అని తీసిపారేసిన వారున్నారు. ఆ తీర్పు తొందరపాటు. ఆ కూజాల కడుపులో శంకువు ఆకారం గల కవాటాలు ఉన్నాయి. నీటి మట్టం పెరిగితే అవే మూసుకొంటాయి, తగ్గితే అవే తెరుచుకొంటాయి. మనిషి చెయ్యి తగలనక్కరలేదు. ఇటువంటి కవాటాలు గ్రీకులకు తెలియనివి కావు. అలెగ్జాండ్రియా టెసిబియస్ క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలోనే కవాటాలున్న పంపును చేశాడు. హెరాన్ గ్రంథాన్ని ఖుస్తా ఇబ్న్ లూఖా అరబ్బీలోకి తెచ్చాడు కూడా. బనూ మూసా ఆ ఒజ్జల వద్ద నేర్చుకొన్నామనే చెప్పుకోదగినవారు. కాని వాడుకలోని విరివి, నేర్పు వారి సొంతం. దొనాల్డ్ హిల్ 1979లో ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన తరువాత ఈ విషయంలో సందేహానికి తావు లేకుండా పోయింది.

మూడున్నర శతాబ్దాల తరువాత దియార్ బక్ర్ ప్రాంతంలో, నేటి తుర్కీ దేశపు ఆగ్నేయ భాగంలో, అర్తుఖీ ప్రభువుల కొలువులో బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయీల్ అల్ జజరీ పనిచేశారు. హిజ్రీ 577 అనగా 1181 నుంచి పాతికేండ్లు ఆ కొలువులో ఉండి, నాసిరుద్దీన్ మహమూద్ కోరిక మీద తన యంత్రాలను గూర్చి గ్రంథం వ్రాసి 1206లో ముగించారు. అందులో యాభై యంత్రాలు, ఆరు భాగాలు. హిల్ దీనిని 1974లో అనువదించారు. ఈ హిల్ వృత్తిరీత్యా ఇంజనీరు. ఇరాక్ పెట్రోలియం కంపెనీలో పనిచేసినవారు. వట్టి భాషా పండితుడైతే ఆ పుస్తకంలో సగం అర్థమయ్యేది కాదేమో.

అయిదవ భాగంలో నీటిని పైకి తోడే యంత్రాలు అయిదు ఉన్నాయి. వాటిలో చివరిది రెండు సిలిండర్ల పంపు. ఏటి ప్రవాహంతో చక్రం తిరుగుతుంది. ఆ చక్రం పండ్ల చక్రాన్ని తిప్పుతుంది. దాని మీద కేంద్రానికి దూరంగా నాటిన మేకు ఒక గాడి ఉన్న కడ్డీని ఇటూ అటూ ఊపుతుంది. ఆ ఊపుకు ఎదురెదురుగా ఉన్న రెండు పిస్టన్లు ముందుకూ వెనుకకూ పోతాయి. ఒకటి పీల్చుకొంటుండగా రెండవది నెడుతుంది. నీరు సుమారు 20 మూరల ఎత్తుకు ఎక్కుతుంది. మోటారు ఇంజనులో ఉన్న పిస్టను, సిలిండరు, కవాటం మూడూ ఇక్కడ ఉన్నమాట నిజం. అయితే జజరీ పంపులో కవాటం తానే తెరుచుకొంటుంది. పిస్టను వెనక్కు పోతే శూన్యం ఏర్పడి తెరుచుకొంటుంది, ముందుకు వస్తే నీటి ఒత్తిడికి మూసుకొంటుంది. దానికి వేళ చెప్పే క్యాము లేదు, అవసరమూ లేదు.

మరి క్యాము ఎక్కడ ఉంది? అదే గ్రంథంలో వినోద సభల కోసం చేసిన పడవ ఒకటి ఉంది. అందులోని వాద్యగాళ్ళ బొమ్మలు తిరిగే ఇరుసు మీది మేకులు మీటలను నొక్కగా వాయిస్తాయి. మేకులు ఎక్కడ నాటితే తాళం అక్కడ పడుతుంది. ఇది క్యాంషాఫ్టే. ఇంకా వెనక్కు పోతే, సమర్ఖందులో కాగితపు గుజ్జును దంచడానికి నీటితో నడిచే రోకళ్ళు ఉండేవని అల్ బీరూనీ ప్రస్తావించారు. అవి కూడా క్యాములతో లేచి పడేవే. చైనాలో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఉన్నాయి. ఈ విద్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

అన్నిటిలోను మోటారు ఇంజనుకు ఆకారంలో దగ్గరగా వచ్చేది తఖీయుద్దీన్ ముహమ్మద్ ఇబ్న్ మఅరూఫ్ పంపు. ఈయన దమిష్క్ వాసి. తరువాత ఇస్తంబూల్‌లో వేధశాల కట్టించినవారు. సుమారు 1551లో వ్రాసిన గ్రంథంలో ఆరు సిలిండర్ల పంపు ఉంది. ఒకే దిమ్మలో ఆరు సిలిండర్లు వరుసగా తొలిచారు. నీటి చక్రపు ఇరుసు మీద ఆరు క్యాములు ఒకదాని తరువాత ఒకటి వచ్చేటట్లు కోణాలు మార్చి అమర్చారు. ప్రతి క్యామూ ఒక మీటను నొక్కి పిస్టనును పైకి లేపుతుంది. వదలగానే పిస్టను మీది సీసపు బరువు దానిని క్రిందికి దించి నీటిని నెడుతుంది. ఆరూ వంతులవారీగా పనిచేయడం చేత ధార తెగకుండా వస్తుంది. వరుస సిలిండర్లు, వరుస క్యాములు, వంతుల క్రమం: ఈ బొమ్మను చూసిన మోటారు మెకానిక్కు ఒక్క క్షణం నిలబడిపోతాడు. అయినా ఇక్కడ క్యాములు నడిపేది పిస్టన్లను. కవాటాలు ఇక్కడ కూడా నీటి ఇష్టానికే వదిలివేయబడ్డాయి. మోటారు ఇంజనులో క్యాము కవాటాన్ని నడుపుతుంది. ఈ తేడా చిన్నది కాదు; మన వక్తలు దాటవేసేది సరిగ్గా దీనినే.

విచిత్రమేమంటే, తొలినాటి మోటారు ఇంజన్లలో సైతం ప్రవేశ కవాటానికి క్యాము లేదు. నికొలాస్ ఓటో 1876లో నాలుగు అడుగుల ఇంజనును నిలబెట్టిన తరువాత, డైమ్లర్, ద దియోన్ బూతోన్ వంటి వారు చేసిన చిన్న ఇంజన్లలో నిర్గమ కవాటాన్ని మాత్రమే క్యాము తెరిచేది. ప్రవేశ కవాటానికి బలహీనమైన ఒక స్ప్రింగు ఉండేది. పిస్టను పీల్చగానే అదే తెరుచుకొనేది. అనగా బనూ మూసా కూజాలోని పద్ధతే. గాలి చెప్పినట్లు వినే కవాటం కావడం చేత వేగానికి తగినట్లు కొంతవరకు తానే సర్దుకొనేది. కాని వేగం మరీ పెరిగితే తెరవడంలో వెనుకబడేది. ఇరవయ్యవ శతాబ్దం తొలి ఏండ్లలో దానిని కూడా క్యాము క్రిందికి తెచ్చారు. దానితో ఇంజను వేగం పెరిగింది గాని, పైన చెప్పిన చిక్కు మొదలైంది: వేళ ఒక్కటే, వేగాలు అనేకం. దాదాపు ఎనభై ఏండ్లు తయారీదారులు మధ్యస్థంగా ఒక వేళను ఎంచుకొని సరిపెట్టుకొన్నారు. రేసు కారు నిలిచినచోట దడదడలాడడం, మామూలు కారు వేగంలో ఆయాసపడడం ఆ రాజీ ఫలితాలే.

ఆవిరి యంత్రాల వారు ఈ చిక్కును అంతకు ముందే ఎదుర్కొన్నారు. 1842 నాటి స్టీఫెన్‌సన్ లంకె, 1844 నాటి వాల్షార్ట్ సంధానం రెండూ ఆవిరి లోనికి వచ్చే వ్యవధిని డ్రైవరు చేతికి ఇచ్చాయి. మన దేశంలో నడిచిన డబ్ల్యు.జి. రైలింజన్ల చక్రాల ప్రక్కన ఊగుతూ కనిపించిన కడ్డీలు ఈ వాల్షార్ట్ ఏర్పాటువే. బండి కదిలేటప్పుడు ఎక్కువ సేపు, వేగం అందుకొన్నాక కొద్ది సేపు ఆవిరిని ఇచ్చేవారు. దాని గురించి ఇంత చాలు.

మోటారు కారులో మొదట అమ్మకానికి వచ్చిన ఏర్పాటు 1980లో ఆల్ఫా రోమియో వారిది. అమెరికాకు పంపిన స్పైడరు కార్లలో పెట్టారు. క్యాంషాఫ్టు కొసన ఏటవాలు పండ్లున్న ముక్క ఒకటి ఉంటుంది. చమురు ఒత్తిడి దానిని ముందుకు నెడితే పండ్ల వాలును బట్టి క్యాంషాఫ్టు కొద్దిగా తిరుగుతుంది. దానితో కవాటం తెరిచే వేళ ముందుకు జరుగుతుంది. రెండే స్థానాలు, అయినా దారి తెరుచుకొంది. అమెరికాలో పొగ మీద పెట్టిన కఠిన నియమాలు దీనికి ప్రేరణ.

హోండా వారు 1989లో మరొక దారి తొక్కారు. ప్రతి కవాటాల జతకు రెండు రకాల ఉబ్బెత్తులు పెట్టారు: ప్రక్కన పొట్టివి, మధ్యన పొడవైనది. నెమ్మదిలో మధ్య మీట ఊరకే ఊగుతూ ఉంటుంది. వేగం ఒక హద్దు దాటగానే చమురు ఒత్తిడితో ఒక చీల లోనికి జరిగి మూడు మీటలనూ కలిపి కట్టివేస్తుంది. అప్పటి నుంచి కవాటాలు పెద్ద ఉబ్బెత్తు చెప్పినట్లు వింటాయి. 1600 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో 160 అశ్వశక్తిని రాబట్టారు.

నేడు ఎక్కువగా కనిపించేది మూడవ పద్ధతి. గొలుసు తిప్పే పండ్ల చక్రం లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో రెక్కలున్న మరో చక్రం క్యాంషాఫ్టుకు బిగించి ఉంటుంది. రెక్కకు ఒక ప్రక్క చమురు నింపితే క్యాంషాఫ్టు ముందుకు, రెండవ ప్రక్క నింపితే వెనుకకు జరుగుతుంది. ఏ ప్రక్క ఎంత నింపాలో ఒక చిన్న విద్యుత్ కవాటం చూసుకొంటుంది. దానికి ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరు. క్రాంకు ఎక్కడున్నదీ, క్యాము ఎక్కడున్నదీ రెండు సాధనాలు అనుక్షణం చెబుతుంటాయి. ఉండవలసిన చోటుకూ ఉన్న చోటుకూ తేడా కనబడితే కంప్యూటరు చమురును మళ్ళిస్తుంది. క్రాంకు లెక్కలో 50 డిగ్రీల వరకు ఇలా మార్చవచ్చు. ఇంజను ఆపినప్పుడు చమురు ఒత్తిడి ఉండదు కనుక ఒక చీల దానిని పట్టి ఉంచుతుంది. చమురు మురికిపడితే మొదట మొరాయించేది ఈ ఏర్పాటే. అందుచేత చమురు మార్చడంలో పిసినారితనం పనికిరాదు. 2001లో బి.ఎం.డబ్ల్యు. వారు కవాటం ఎంత ఎత్తు లేవాలో కూడా మార్చారు. 2019లో హ్యుందాయ్ వారు అది ఎంతసేపు తెరిచి ఉండాలో మార్చే ఏర్పాటును తెచ్చారు.

ఇప్పుడు జజరీ కోట గడియారం వద్దకు రావాలి. నా ఉద్దేశంలో అసలు పోలిక పంపులో లేదు, ఇక్కడ ఉంది.

ఆ కాలంలో పగటిని, అది ఎంత పొడవైనా, పన్నెండు గంటలుగా విభజించేవారు. దియార్ బక్ర్ ఉన్న అక్షాంశంలో జూన్ నెల పగటి గంట ఇప్పటి లెక్కలో సుమారు 74 నిమిషాలు, డిసెంబరు గంట 48 నిమిషాలు. మసీదు గోడ మీది వేళల పట్టికలో అస్ర్ నమాజు వేళ నెలనెలకు జరుగుతూ ఉండడం చూసేవారికి, సూర్యుని బట్టి కాలాన్ని కొలవడం కొత్త సంగతి కాదు. జజరీ గడియారం సుమారు 11 అడుగుల ఎత్తు గల కోట. గంట గంటకు తలుపు మారుతుంది, డేగలు గుండ్లు వదులుతాయి, ఆరవ, తొమ్మిదవ, పన్నెండవ గంటలకు వాద్యాలు మోగుతాయి. దీనినంతటినీ నడిపేది ఒక తొట్టి నుంచి కారే నీరు. నీరు ఎప్పుడూ ఒకే విధంగా కారితే గంటలన్నీ సమానమవుతాయి. ఋతువును బట్టి మారవు. వేళ ఒక్కటే, ఋతువులు అనేకం. మోటారు ఇంజను చిక్కు వంటి చిక్కే.

ఆయన రెండు పనులు చేశారు. మొదటిది, తొట్టికీ రంధ్రానికీ మధ్య చిన్న గది పెట్టి అందులో తేలే బుడ్డిని ఉంచారు. నీటి మట్టం పెరిగితే బుడ్డి లేచి శంకువు కవాటంతో కుళాయిని మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. దానితో మట్టం స్థిరంగా ఉంటుంది. కార్బురేటరు విప్పి చూసిన ప్రతివారికీ అందులోని తేలే బుడ్డి, సూది కవాటం తెలుసు, సూత్రం ఇదే. రెండవది, రంధ్రాన్ని రాశి చక్రం గీసిన ఒక గుండ్రని పళ్ళెం మీద అమర్చారు. పళ్ళేన్ని రోజూ కొద్దికొద్దిగా తిప్పితే రంధ్రం పైకో క్రిందికో జరుగుతుంది. పైకి పోతే మీది నీటి ఒత్తిడి తగ్గి ధార సన్నబడుతుంది, గంట సాగుతుంది. క్రిందికి దిగితే ధార పెరిగి గంట కుదించుకొంటుంది.

పూర్వులు ఇందుకు అర్ధచంద్రాకారపు పళ్ళెం వాడేవారు. ఆర్కిమెడీస్ పేర చెలామణిలో ఉన్న గ్రంథంలో అదే ఉంది. జజరీ దానిని చేసి, నీరు పోసి, కొలిచి చూశారు. లెక్క కుదరలేదు. ఇతర రూపాలు ప్రయత్నించారు, అవీ కుదరలేదు. చివరకు పూర్తి గుండ్రని పళ్ళెం చేసి, ఏ రోజుకు రంధ్రం ఎక్కడ ఉండాలో కొలతలతో గుర్తులు పెట్టుకొన్నారు. నీటి ఎత్తుకూ ధార వేగానికీ వర్గమూల సంబంధం ఉందని టారిచెల్లి ప్రకటించింది 1644లో. ఆ సూత్రం చేతిలో లేని మనిషి నాలుగు శతాబ్దాల ముందు కొలిచి కొలిచి దాని ఫలితాన్ని అందుకొన్నారు. ఆర్కిమెడీస్ అంతటివాని పేరు ఉన్నా సరిపడనిది సరిపడలేదని వ్రాశారు. 1976లో లండన్‌లో జరిగిన ఇస్లామిక్ ప్రపంచ ఉత్సవం సందర్భంగా సైన్సు మ్యూజియంలో ఈ గడియారాన్ని ఆయన వర్ణన ప్రకారం తిరిగి నిర్మిస్తే, అది నడిచింది.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. జజరీ మోటారు ఇంజనును గాని, కవాటాలను నడిపే క్యాంషాఫ్టును గాని కనిపెట్టలేదు. యూరపు ఇంజనీర్లు ఆయన పుస్తకం చూసి ఇంజను చేశారనడానికి ఆధారం కనబడదు. ఆ గ్రంథాన్ని యూరపులో గట్టిగా పరిశీలించినది జర్మనీ పండితులు వీడెమన్, హౌజర్; అదీ ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశకాలలో. అప్పటికి మోటారు కార్లు రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఆయన నిజంగా చేసినది ఏమంటే, మారే పరిస్థితికి తగినట్లు ప్రవాహాన్ని మార్చే సాధనాన్ని తయారుచేసి, దాని కొలతలను, చేసే విధానాన్ని మరొకరు చేయగలిగేంత వివరంగా వ్రాసి ఉంచారు. రోజూ పళ్ళెం తిప్పడానికి అక్కడ ఒక సేవకుడు ఉండేవాడు. ఇక్కడ కంప్యూటరు ఉంది.

ఆ వివరాలలో ఒకటి చెప్పి ముగిస్తాను. కవాటపు బిరడా, అది కూర్చునే గూడు నీరు కారకుండా అతకాలంటే రెండింటి మధ్య కురువింద రాతి పొడి వేసి, ఒకదానిపై ఒకటి పెట్టి నూరాలని జజరీ వ్రాశారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను విప్పిన షెడ్డు వద్ద కాసేపు నిలబడితే, కుర్రవాడొకడు వాల్వు కాడకు రబ్బరు గుబ్బ ఉన్న పుల్లను తగిలించి, గూటిలో నల్లటి గ్రైండింగు పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య ఆ పుల్లను ఇటూ అటూ తిప్పుతూ కనిపిస్తాడు. కొంతసేపటికి తుడిచి, వెలుతురులో పట్టి చూస్తాడు. గూడు చుట్టూ బూడిద రంగు వలయం ఎక్కడా తెగకుండా కనబడేదాకా మళ్ళీ పేస్టు రాసి తిప్పుతాడు.